పట్టు సడలుతున్న ఊరి జట్టు

* రాయని నియమాలతో నడిచే చెడుగుడు బరి
* నగదు బహుమతుల కోసం అద్దె ఆటగాళ్లు
* సాధన చేసిన స్థానికులకు మిగులుతున్నది బెంచీయే

ముదినేపల్లి: సార్వా కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరేసరికి కొల్లేటి పరిసర గ్రామాల్లో చెడుగుడు బరులు సిద్ధమవుతాయి. సంక్రాంతికి మొదలయ్యే పోటీలు మహాశివరాత్రి, శ్రీరామనవమి, గ్రామదేవతల జాతరల వరకు ఏదో ఒక ఊరిలో సాగుతూనే ఉంటాయి. ఆడేవారిలో ఎవరికీ జీతం లేదు. చేపల చెరువులపై పనిచేసేవారు, ఆటో నడిపేవారు, కౌలు రైతుల బిడ్డలు, కళాశాల విద్యార్థులు సాయంత్రమయ్యేసరికి చొక్కా మార్చుకొని ఊరి జట్టుగా మారతారు. చూసేవారికి అది నలభై నిమిషాల వినోదం. ఆడేవారికి అదొక చిన్న సంఘం. దానికి సొంత మాటలు, మర్యాదలు, ఖర్చులు, బాధ్యతలు ఉన్నాయి. నగదు బహుమతుల ఆకర్షణ పెరిగే కొద్దీ ఆ సంఘం కట్టు వదులవుతోంది. గెలుపు కోసం బయటి ఆటగాళ్లను తెచ్చుకుంటే కప్పు ఊరికి వస్తుంది. జట్టు మాత్రం మిగులుతుందా అన్నదే ప్రశ్న.

ఆట ఒకటే.. పేర్లు అనేకం

తెలుగు పల్లెల్లో చెడుగుడు, మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్‌లో హడుడు అని పిలిచే ఆటలన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. పూర్వం ఇందులో ప్రధానంగా మూడు పద్ధతులు ఉండేవి. ఔటైన ఆటగాడు తన జట్టు పాయింటు సాధించినప్పుడు తిరిగి బరిలోకి వచ్చేది సంజీవని. జట్టంతా ఔటయ్యే వరకు ఎవరూ తిరిగి రాకూడనిది గామిని. తాకినవారిని బయటకు పంపకుండా పాయింట్లు మాత్రమే లెక్కించేది అమర్. నేడు అంతటా ఆడుతున్న కబడ్డీకి సంజీవని పద్ధతే ఆధారం.

ఆటకు రాతపూర్వకమైన నియమాలు ఏర్పడినది మహారాష్ట్ర ప్రాంతంలో. 1918లో సతారాలో మొదలైన ఆ ప్రయత్నం 1923లో బరోడా పోటీల నాటికి ఒక రూపు దిద్దుకుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ ఈ ఆటను విదేశీయుల ముందు ప్రదర్శించింది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య, 1972లో భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్య ఏర్పడ్డాయి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి పతక క్రీడగా స్థానం లభించింది. సమాఖ్య పేరులోని 'అమెచ్యూర్' అన్న మాటకు డబ్బు కోసం కాక ఇష్టంతో ఆడేవారు అని అర్థం. ఊరి జట్టు మనుగడ అంతా ఆ ఒక్క మాటపైనే ఆధారపడి ఉంది.

కూతకు వెళ్తే..

పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. జట్టులో 12 మంది ఉన్నా ఒకసారి బరిలో దిగేది ఏడుగురే. 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, నడుమ 5 నిమిషాల విరామం ఉంటాయి. కూతకు వెళ్లిన ఆటగాడు ఎదుటివారిని తాకాలి, లేదా మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలోని బాక్ గీతనైనా దాటి రావాలి. రెండూ చేయకుండా వెనుదిరిగితే ఔట్. బాక్ గీతకు మీటరు అవతల బోనస్ గీత ఉంటుంది. ప్రత్యర్థులు ఆరుగురు గాని, ఏడుగురు గాని బరిలో ఉన్నప్పుడు దానిని దాటితే ఒక పాయింటు అదనం. అయితే బోనస్ పాయింటు ఔటైనవారిని తిరిగి తీసుకురాదు. ఎదుటి జట్టులో అందరినీ ఔట్ చేస్తే దానిని లోనా అంటారు. అందుకు మరో రెండు పాయింట్లు లభిస్తాయి.

పూర్వం కూత ఎంతసేపు నిలిస్తే దాడి అంతసేపు. గుక్క తిప్పుకోకుండా కూత పెట్టగలిగినవాడికే పేరు. 2014 జూలైలో ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగ్ ఈ లెక్కను గడియారానికి అప్పగించింది. దాడికి 30 సెకన్లు మాత్రమే. రెండు దాడులు వరుసగా ఖాళీగా ముగిస్తే మూడో దాడిలో పాయింటు తెచ్చి తీరాలి, లేకుంటే ఔట్. ముగ్గురు లేక అంతకన్నా తక్కువ మంది కలిసి దాడికి వచ్చినవాడిని ఆపితే ఒక పాయింటు అదనం. తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లను టీవీలో చూసిన పల్లె యువకులు ఈ నియమాలను ఊరి బరికి తెచ్చారు. నేటి పండగ పోటీల్లో పాత గుక్క పట్టింపు, కొత్త గడియారం రెండూ కలిసి కనిపిస్తాయి.

నేల తయారీతోనే సాధన

సమాఖ్య నియమాలు బరి నేల మెత్తగా, చదునుగా ఉండాలని చెబుతాయి. మట్టి, పశువుల ఎరువు, రంపపు పొట్టు కలిపిన నేల గాని, మ్యాట్ గాని ఉండవచ్చు. డెల్టాలోని నల్లరేగడి నేలతో ఇది తేలిక కాదు. తడిస్తే జారుతుంది, ఎండితే బీటలు వారి రాయిలా గట్టిపడుతుంది. అందుచేత బరి తవ్వి, గడ్డలు చితక్కొట్టి, గాజు పెంకులు, గులకరాళ్లు ఏరివేసి, ఇసుక కలిపి, నీళ్లు చిలకరించి చదును చేయవలసి ఉంటుంది. చివరగా సున్నంతో గీతలు వేస్తారు. నాలుగు రోజులు పట్టించుకోకపోతే పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ పని ఎవరు చేయాలన్నది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలిసే ఉంటుంది. జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రవాడు మొదటి సంవత్సరం ఆడేది తక్కువ, చేసేది ఎక్కువ. నీళ్ల క్యాన్లు మోస్తాడు, గీతలు వేస్తాడు, సీనియర్లు పట్టు సాధన చేసేటప్పుడు వారి చేతిలో పదేపదే పడతాడు. ఎలా పడితే దెబ్బ తగలదో అప్పుడే నేర్చుకుంటాడు. పలుగు పట్టనివాడికి బరిలో చోటు అడిగే హక్కు లేదన్నది పల్లె జట్ల తీరు. నేలపై ఖర్చు చేసిన చెమటే అక్కడ సభ్యత్వ రుసుం.

రాయని నియమాలు

బరిలో అడుగుపెట్టే ముందు మట్టిని తాకి కళ్లకద్దుకోవడం, పట్టు బిగిస్తే తొడగొట్టడం, కింద పడిన ప్రత్యర్థికి చేయి అందించి లేపడం ప్రేక్షకులకు కనిపించే ఆచారాలు. కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. సమాఖ్య నియమాల ప్రకారం ఒంటికి నూనె రాసుకోకూడదు, గోళ్లు కత్తిరించుకోవాలి. ఊరి బరిలో వీటిని చూసేది అంపైర్ ఒక్కడే కాదు, సొంత జట్టు కెప్టెన్ కూడా. నూనె రాసుకొని దొరికిపోయిన ఆటగాడి వల్ల పరువు పోయేది ఊరికి. ఔటైన ఆటగాడు అంపైర్ చేయి ఎత్తకముందే తానే బయటకు నడిస్తే అతని మాటకు తరువాత వివాదాల్లో విలువ ఉంటుంది. తాకినా తాకలేదని వాదించేవాడిని ఒకటి రెండు సార్లు భరిస్తారు. ఆపైన అతడిని కూతకు పంపరు.

భాష కూడా ప్రత్యేకమే. దాడికి వెళ్లడం 'కూత', ఆపడం 'పట్టు'. ఎడమ కార్నర్, కుడి కార్నర్, కవర్, సెంటర్ అనే స్థానాలు ఇంటిపేర్ల వలె స్థిరపడిపోతాయి. ఒకసారి ఎడమ కార్నర్‌గా కుదురుకున్నవాడు పెళ్లయి పిల్లలు పుట్టినా ఊరిలో ఎడమ కార్నరే. కూతగాడిని పట్టడానికి ఇద్దరేసి చేతులు కలిపి గొలుసుగా నిలబడతారు. ఎవరు ముందుకు దూకాలో, ఎవరు వెనుక నుంచి అందుకోవాలో వేళ్లు నొక్కి చెప్పుకొంటారు. వీధిలో పేట, పాలెం అన్న తేడాలు ఎన్ని ఉన్నా ఈ ఆటలో పక్కవాడి చేయి పట్టుకోక తప్పదు. పల్లెల్లో చెడుగుడు చేసిన మేలుల్లో ఇది చిన్నది కాదు.

చెరువు పని.. సాయంత్రం ఆట

ముదినేపల్లి మండలం పామర్రు - పాలకొల్లు జాతీయ రహదారిపై గుడివాడ, కైకలూరు మధ్య ఉంది. ఇటు వరి, అటు చేపల చెరువులు ఇక్కడి ఆధారం. చెరువులో పట్టుబడి ఉన్న రోజు తెల్లవారకముందే వల దిగాలి. తరువాత తూకం, ఐస్ నింపడం, లారీలకు ఎత్తడం. ఈ పనులు చేసేవారికి వ్యాయామశాల కండ అవసరం లేదు. వల లాగిన చేతులకు పట్టు సహజంగానే వస్తుంది. కాని సాయంత్రానికి శరీరం అలిసిపోతుంది. వారంలో అందరూ ఒకేసారి సాధనకు దొరికే రోజులు రెండు మూడుకు మించవు. అందుకే పల్లె జట్లు పోటీల కాలంలోనే గట్టిగా సాధన చేస్తాయి. మిగిలిన కాలమంతా కలిసి ఉండటమే వాటి సాధన.

ఈ మండలం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. జిల్లా కేంద్రం మచిలీపట్నానికి బదులు ఏలూరు అయింది. పల్లె జట్ల పరిచయాలకు జిల్లా సరిహద్దుతో నిమిత్తం లేదు. పక్క ఊరి పోటీకి ఎవరు పిలిచారు, ఎవరు వచ్చారు, ఎవరు అన్నం పెట్టారు అన్న లెక్కలపైనే ఆ బంధాలు నిలుస్తాయి. పిలిచిన ఊరికి వెళ్లకపోతే మరుసటి సంవత్సరం తమ ఊరి పోటీకి వారు రారు. జట్టుకయ్యే ప్రవేశ రుసుం, వాహనం అద్దె, టిఫిన్ ఖర్చు తలా కొంత వేసుకొని భరిస్తారు. జెర్సీల ఖర్చు ఎవరో ఒక చెరువు యజమాని గాని, విదేశంలో ఉన్న ఊరివాడు గాని ఇస్తారు.

కూత అద్దెకు దొరుకుతుంది.. పట్టు దొరకదు

దాతలు తమ పెద్దల జ్ఞాపకార్థం నగదు బహుమతులు ఇవ్వడం పాత సంప్రదాయమే. బహుమతి చిన్నదైనంత కాలం అది భోజనాలకు, వచ్చే ఏడాది జెర్సీలకు సరిపోయేది. మొత్తం పెద్దదయ్యేసరికి లెక్క మారింది. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడిన కూతగాళ్లను మ్యాచ్‌కు ఇంత అని మాట్లాడుకొని తెచ్చే అలవాటు బయలుదేరింది. ఒకే ఆటగాడు ఒక పండగ సీజన్‌లో వేర్వేరు ఊళ్ల జెర్సీలు తొడుగుతాడు. ప్రేక్షకులకు మంచి ఆట కనిపిస్తుంది. దాతకు కప్పుతో ఫొటో దక్కుతుంది.

నష్టం వెంటనే కనిపించదు. మూడు నెలలు బరి తవ్వి సాధన చేసిన స్థానిక కుర్రవాడు పోటీ రోజున బెంచీపై కూర్చుంటాడు. మరుసటి ఏడు సాధనకు రాడు. అతడు రాకపోతే పట్టు సాధనకు మనిషి తక్కువ. ఆపై ఏడు ఒకరికి బదులు ముగ్గురిని తేవాలి. అప్పటికి బరి తవ్వేవారు ఉండరు. పోటీ ముందురోజు కూలీలతో నేల చదును చేయిస్తారు. జట్టు పేరు ఊరిదే, ఆడేవారిలో ఊరివారు ఉండరు.

ఆట పరంగా కూడా ఇది లాభం కాదు. కూత ఒంటరి విద్య. మంచి కూతగాడు ఏ జట్టులో దిగినా పాయింట్లు తేగలడు. పట్టు అలాంటిది కాదు. కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ అందుకున్న క్షణంలోనే కవర్ ఆటగాడు మీద పడాలి. అర క్షణం ఆలస్యమైతే కూతగాడు గీత దాటుతాడు. ఆ అర క్షణం ఏళ్ల తరబడి కలిసి ఆడినవారికే అందుతుంది. అద్దె కూతగాళ్లతో నిండిన జట్టు మొదటి భాగంలో ఆధిక్యం సాధించి, రెండో భాగంలో పట్టు దొరకక ఓడిపోవడం పండగ పోటీలు చూసేవారికి తెలిసిన విషయమే. ఎప్పుడూ ఓడే ఒక పల్లె జట్టు కథతో 2010లో వచ్చిన 'భీమిలి కబడ్డీ జట్టు' చిత్రం ఇక్కడి యువకులకు దగ్గర కావడానికి కారణం కప్పు కాదు, ఆ కలిసి ఉండటమే.

గాయమైతే ఎవరు దిక్కు?

జట్టు అసలు విలువ తెలిసేది గాయమైనప్పుడు. చెడుగుడులో వేళ్లు, భుజం, చీలమండకు దెబ్బలు మామూలు. మోకాలి లోపలి లిగమెంటు తెగడం అన్నిటికన్నా ప్రమాదకరం. పాదం నేలపై ఆనివుండగా శరీరం మెలి తిరిగితే ఇది జరుగుతుంది. లోపల 'టక్' మన్న శబ్దం, వెంటనే వాపు, నిలబడితే మోకాలు జారిపోతున్నట్లు ఉండటం దీని లక్షణాలు. ఎముక విరగలేదు కనుక ఎక్స్‌రేలో లిగమెంటు గాయం కనిపించదు. ఎంఆర్‌ఐ పరీక్షలోనే తేలుతుంది. బెణుకే అనుకొని నాటు కట్టు కట్టించుకొని, పది రోజులకే మళ్లీ బరిలో దిగితే మోకాలు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. శస్త్రచికిత్స అవసరమైతే తిరిగి ఆడటానికి తొమ్మిది నెలలు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

గాయమైన వెంటనే ఆట ఆపడం, దెబ్బ తగిలిన చోట మర్దన చేయకపోవడం, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టడం, కాలు ఎత్తులో ఉంచి వైద్యుడి వద్దకు తీసుకువెళ్లడం ప్రథమ కర్తవ్యాలు. చేపల ప్యాకింగ్ జరిగే ఈ ప్రాంతంలో ఐస్‌కు కొదవ లేదు. ఒక పెట్టె ఐస్ బరి పక్కన ఉంచాలన్న ఆలోచనే కావాలి.

రోజు కూలిపై బతికే ఆటగాడికి తొమ్మిది నెలలంటే ఇల్లు గడవని కాలం. వృత్తి ఆటగాడికి ఫ్రాంచైజీ ఉంటుంది. ఊరి ఆటగాడికి తోటివారే దిక్కు. జట్టు చందా వేసుకుంటుంది, అతని చెరువు పనికి మరొకరు వెళ్తారు, ఆసుపత్రికి తోడుగా ఒకరు ఉంటారు. అద్దెకు వచ్చిన ఆటగాడికి ఈ రక్షణ కూడా లేదు. ఆడించిన ఊరు తనవాడు కాదంటుంది. సొంత ఊరు డబ్బుకు వెళ్లాడంటుంది. ఇద్దరికీ కానివాడు మోకాలు పట్టుకొని మిగిలిపోతాడు.

బాలికలకు బరి ఏదీ?

మహిళల కబడ్డీ 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ప్రవేశించింది. తొలి స్వర్ణం భారత్‌కే దక్కింది. 2012లో పాట్నాలో జరిగిన తొలి మహిళా ప్రపంచకప్‌ను మమతా పూజారి నాయకత్వంలో భారత్ గెలుచుకుంది. కర్ణాటకకు చెందిన ఆమె దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగి. పల్లెల్లో బాలికలు పాఠశాల క్రీడా పోటీల వరకు ఉత్సాహంగా ఆడుతున్నారు. పదో తరగతి దాటాక వారికి బరి దొరకడం కష్టమవుతోంది. పండగ పోటీలు ఎక్కువగా పురుషులవే. సాధన జరిగేది చీకటిపడ్డాక. ఊరి బరిలో సాయంత్రం గంటసేపు బాలికలకు కేటాయించి, వ్యాయామ ఉపాధ్యాయుల పర్యవేక్షణ ఉంటే ఈ లోటు కొంత తీరుతుంది. మహిళల బరికి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. ఉన్న బరిలోనే మరో రంగు గీతలు వేసుకోవచ్చు.

కప్పు వేరు.. ధ్రువపత్రం వేరు

ఆటతో ఉద్యోగం వస్తుందన్న ఆశ చాలామందిని బరిలోకి తెస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతంగా ఉన్న రిజర్వేషన్‌ను 2024లో ప్రకటించిన క్రీడా విధానం 3 శాతానికి పెంచింది. అయితే పండగ పోటీల్లో గెలిచిన కప్పులు దీనికి పనికిరావు. గుర్తింపు పొందిన సంఘాలు, పాఠశాల క్రీడా సమాఖ్య, విశ్వవిద్యాలయాలు నిర్వహించే పోటీల ధ్రువపత్రాలు అవసరం. పైస్థాయి పోటీలన్నీ మ్యాట్‌పై, బూట్లతో జరుగుతాయి. సీనియర్ విభాగంలో పురుషులకు 85 కిలోల బరువు పరిమితి ఉంది. మట్టిలో వట్టి కాళ్లతో ఆడి పెరిగినవాడు ఎంపికల రోజున మొదటిసారి మ్యాట్ ఎక్కితే అడుగు తడబడటం సహజం. నగదు బహుమతి మొత్తంలో కొంత తగ్గించి మండలానికి ఒక మ్యాట్ సమకూర్చుకుంటే, ఆ డబ్బు ఏటా కొత్త కుర్రవాళ్లకు ఉపయోగపడుతుంది.

నిర్వాహకుల చేతిలోనే..

అద్దె ఆటగాళ్లను పూర్తిగా ఆపడం కష్టమే అయినా హద్దు పెట్టడం సాధ్యమే. 2023 డిసెంబరు 26న ప్రారంభమై 2024 ఫిబ్రవరిలో ముగిసిన 'ఆడుదాం ఆంధ్ర' పోటీల్లో కబడ్డీ ఒకటి. తొలి దశ గ్రామ, వార్డు సచివాలయాల స్థాయిలోనే జరిగింది. స్థానికులతోనే ఊరూరా జట్లు కూర్చవచ్చునని అది చూపింది. పండగ పోటీల్లోనూ ఇదే పద్ధతి పాటించవచ్చు. ఆధార్ చిరునామా చూసి, బరిలో దిగే ఏడుగురిలో కనీసం ఐదుగురు ఆ పంచాయతీవారై ఉండాలని షరతు పెట్టవచ్చు. ఒక సీజన్‌లో ఒక ఆటగాడు ఒకే ఊరి తరఫున ఆడాలని నిర్ణయించవచ్చు. ప్రథమ బహుమతి ఒక్కటే భారీగా పెట్టే బదులు ఉత్తమ పట్టు, ఉత్తమ స్థానిక ఆటగాడు వంటి బహుమతులకు పంచవచ్చు. ప్రవేశ రుసుంలో కొంత గాయపడినవారి నిధిగా పక్కన పెట్టవచ్చు.

వీటిలో ఏదీ ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడవలసినది కాదు. పోటీ కరపత్రం అచ్చువేసే ముందు నలుగురు పెద్దలు, నలుగురు ఆటగాళ్లు కూర్చొని రెండు వాక్యాలు చేర్చితే సరిపోతుంది. కరపత్రంలో దాతల పేర్లకు ఎంత చోటు ఇస్తున్నారో, ఆ రెండు వాక్యాలకూ అంతే చోటు ఇస్తే వచ్చే సంక్రాంతికి బరి తవ్వడానికి ఊరి కుర్రవాళ్లు తప్పక వస్తారు.